పెరటి నల్లమట్టి

సదానందం బావ రిటైరైన మర్నాటి నుంచి మా లైన్‌లో ఎవరికీ స్థిమితం లేదు. పొద్దు పొడవకముందే లేచి, మొదటి షిఫ్టుకు పోయేవాడిలా బూట్లు వేసుకుని, గేటు దాకా నడిచి, అక్కడ గుర్తొచ్చి ఆగిపోయేవాడు. ఆగినవాడు ఊరికే ఉంటాడా? ఆ గేటునే తెరిచి మూసి, కీలుకు నూనె పోసి, మళ్ళీ తెరిచి చూసేవాడు. మా రెండు క్వార్టర్లకూ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ఆ చప్పుడంతా నా చెవిలోనే. అసలే నాకు ముక్కు మీద కోపం. ఆయన డ్యూటీ అయిపోయిందిగానీ మా చెవులకు డ్యూటీ పడిందని ఒకరోజు గోడ మీదుగా అనేశాను. బావ నవ్వి లోపలికి పోయి, బాగానే తిరుగుతున్న ఫ్యాను విప్పడం మొదలుపెట్టాడు.

బావ ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో షావెల్ ఆపరేటరు. పెద్ద ఇల్లంత మిషన్ మీద కూర్చుని బతుకంతా నేలను తవ్వినవాడు. బొగ్గు అడుగున ఉంటుంది, దాని మీద మట్టి ఉంటుంది. ఆ పై మట్టిని ఇక్కడ ఓబీ అంటారు. దాన్ని ఎత్తి దూరంగా గుట్టలు పోస్తే తప్ప బొగ్గు కనపడదు. అందుకని ఆయన దృష్టిలో పైన ఉన్నదంతా అడ్డం, అడుగున ఉన్నదే పనికొచ్చేది. కొడుకు అంజి కూడా కంపెనీలోనే చేరడంతో క్వార్టర్ అతని పేరు మీదికి మారింది. కాబట్టి ఇల్లు కదిలే బాధ వాళ్ళకు లేదు. కదలకుండా కూర్చోలేని బాధ ఒక్కటే బావకు మిగిలింది.

ఆయన భార్య సారవ్వక్క ఉలుకూ పలుకూ లేని మనిషి. ఉన్న ధ్యాసంతా పెరటి మీదే. దసరా వెళ్ళి వానలు వెనక్కి తగ్గి, ఎండ కాస్త మెత్తబడగానే ఆమె చేతులు ఊరుకోవు. మా దగ్గర చలికాలం పేరుకే చలికాలం. రగ్గులు పెట్టెలోంచి తీసేలోపే మళ్ళీ ఎండ ముదురుతుంది. కానీ ఆకుకూరలకూ టమాటకూ ముల్లంగికీ అంతకన్నా మంచి రోజులు ఏడాదిలో ఉండవు. ఎండాకాలంలో మొక్క మాడుతుంది, వానాకాలంలో వేరు కుళ్ళుతుంది, ఏం చేసినా ఈ నడుమే చేసుకోవాలి. అక్క మెంతులు నానబోసి చల్లుతుంది. ధనియాలను చెప్పు కింద నలిపి బద్దలు చేసి చల్లుతుంది. చిక్కుడు తీగను చేయి పట్టి నడిపించినట్టు పందిరి ఎక్కిస్తుంది. ఓపెన్‌కాస్టు దుమ్ము ఆకుల మీద పడుతుంది కాబట్టి కోసిన కూరను నీళ్ళు మార్చి మార్చి కడిగి మా ఇంటికి కూడా ఒక కట్ట పంపుతుంది. మా పెరట్లోనా, గడ్డపార దించితే టంగుమంటుంది. లైన్ మొత్తం మొరం నేలే. నా కరివేపాకు చెట్టు నా మీద జాలిపడి బతుకుతోందంతే.

అక్క పెరట్లో మాత్రం మోకాలి లోతు నల్లరేగడి. అది ఎక్కడిదో ఈ కాలనీలో నాకొక్కదానికే తెలుసు.

ఒకసారి ఇద్దరం కూర్చుని కలుపు తీస్తుంటే చెప్పింది. అది కమాన్‌పూర్ అవతల వాళ్ళ నాన్న చేను మట్టి. ఓపెన్‌కాస్టు పెరుగుతూ పెరుగుతూ వాళ్ళ ఊరి మీదికి వచ్చినప్పుడు అందరూ ఇంటి దూలాలు, తలుపులు, దర్వాజాలు పీక్కుని బండ్లకెత్తుకున్నారట. రేపో మాపో మిషన్లు దిగుతాయనగా ఈమె తమ్ముణ్ణి తోడు తీసుకుని, చేను పై మట్టిని పారతో గీరి గీరి ఎడ్లబండికెత్తి ఇక్కడికి తెచ్చి పోసుకుంది. బండి ఎన్నిసార్లు తిరిగిందో ఆమె లెక్క పెట్టలేదు. బావ అప్పుడు డ్యూటీ మీద డ్యూటీ చేస్తున్నాడు. ఇంటికొచ్చి పెరట్లో కుప్ప చూసి ఏం మట్టి అని అడిగింది లేదు. ఈమె చెప్పిందీ లేదు. మొగుడి పని మట్టి తీసి పారేయడం, నా పని దాన్ని ఏరి తెచ్చుకోవడం అని చెప్పుకుంటే నవ్వుతాడని ఆమె భయం. ఆ ఊరు ఇప్పుడు లేదు. చేను ఉన్నచోట గొయ్యి ఉంది, గొయ్యి పక్కన గుట్ట ఉంది. నాన్న చేతి కింద జొన్న, పెసర పండిన మట్టి ఈ పెరట్లో ఉన్నంతే. అందుకే ఆమె కలుపు మొక్క పీకినా, వేళ్ళకు అంటిన మట్టిని దులిపి మళ్ళీ అక్కడే పోస్తుంది.

ఈసారి దసరా వెళ్ళాక అక్క టమాట నారు కోసం కాసిపేటలో ఉన్న వాళ్ళ పెద్దక్క ఇంటికి పోయింది. ఒక రాత్రి ఉండి వస్తానంది. పోతూ పోతూ, పాదులన్నీ తాను వచ్చి కడతాననీ, పెరట్లోకి పోవద్దనీ బావకు చెప్పింది. ఊరికే కూర్చోలేని మనిషికి ఒక పని చెయ్యొద్దని చెప్పడమంటే ఆ పని గుర్తు చెయ్యడమే.

మర్నాడు శనివారం, మాకు ఒంటిపూట బడి. నేను కాలనీలో బడిపిల్లలకు పాఠాలు చెబుతాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి తాళం తీస్తుంటే గోడ అవతల పసుప్పచ్చగా ఏదో మెరిసింది. తొంగి చూశాను. పెరడంతా నున్నగా చదును చేసి ఉంది. నల్లమట్టి పిసరంత లేదు. చిక్కుడు పందిరి గుంజలు పసుపురంగు మొరంలో దిగంబరంగా నిలబడి ఉన్నాయి. బావ చెమటతో తడిసిపోయి, పార భుజాన వేసుకుని, నెలల తర్వాత మొదటిసారి మనిషి మొహంతో నవ్వుతున్నాడు.

"పై మట్టి మొత్తం ఖరాబైంది సంధ్యా. ఎన్నేండ్ల బొగ్గు దుమ్ము పడ్డదో, కర్రెగ అయింది. తీసి పారేసిన. గీ అడుగుది చూడు ఎట్లున్నదో, కొత్త మట్టి. మీ అక్క వచ్చి చూసి పరేషాన్ కావాలె."

ఈ బొగ్గు బెల్టులో నల్లగా ఉన్నదల్లా బొగ్గు దుమ్మేనని ఆయన అనుకోవడంలో వింత లేదు. మా కిటికీ ఊచలు నలుపు, ఆరేసిన బట్టలు నలుపు, వేలితో గీస్తే వంటింటి గూడు నలుపు. కానీ మట్టి కూడా నల్లగానే పుడుతుందని, రైతింట పుట్టిన మనిషికి ఒక్క క్షణం గుర్తు రాలేదు. మిషన్ మీద అన్నేళ్ళు కూర్చుంటే మనిషి చేతికి మట్టి తగలదు. పై పొర తీసెయ్యడమే పని అని చేతులు నేర్చుకుంటాయి. నాకు ఆయన మీద జాలి కలగాలి. కలగలేదు. పార లాక్కుని గోడ అవతలికి విసిరెయ్యాలనిపించింది.

మట్టి ఏమైందని అడిగాను. అతీక్ ట్రాక్టరు వచ్చి రెండు ట్రిప్పులు తీసుకుపోయిందట. అతీక్ బావతోపాటు షెడ్డులో పనిచేసిన మెకానిక్కు. కమాన్‌పూర్ దారిలో ఇల్లు కడుతున్నాడు. గోడల మధ్య నింపుకోవడానికి మట్టి కావాలంటే బావ పిలిచి మరీ ఇచ్చాడు. అంజి నైట్ షిఫ్టు చేసి వచ్చి లోపల ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు, లేకపోతే ఆపేవాడేమో. ఆపడనే అనుకుంటాను, అతనికీ ఆ మట్టి సంగతి తెలియదు. నేను ఇంట్లోకి పోయి అతీక్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. స్టవ్ మీద అన్నం పెట్టి, దించి, మళ్ళీ ఫోన్ చేశాను. ఆ మట్టి ఎక్కడిదో అక్క చెప్పాల్సిన మాట, బావకు నేను చెప్పడం ధర్మం కాదు. చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు. గోడ దగ్గరికీ ఫోన్ దగ్గరికీ తిరగడంతోనే సరిపోయింది. బావ రోగం నాకు అంటుకున్నట్టయింది.

అన్నం మెతుకు నోట పెట్టకముందే అక్క వచ్చేసింది. తడి గోనెపట్టాలో చుట్టిన నారు చంకన పెట్టుకుని, బస్సు దిగి ఎండలో నడిచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నేరుగా పెరట్లోకి పోయింది. నేను గోడ దగ్గరే ఉన్నాను. అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నారును గోడ నీడన దించి, చెంబుతో దాని మీద నీళ్ళు చల్లింది. లేచి కొంగుతో చేతులు తుడుచుకుని అడిగింది.

"మట్టేది?"

బావ ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. అతీక్ పేరు వినగానే ఆమె గేటు వైపు నడిచింది. మంచినీళ్ళు తాగమన్నాను, వినలేదు. నేనూ తాళం వేసి వెంట పడ్డాను. ఎక్కడికి, ఎందుకు అంటూ బావ కూడా వచ్చి మేము ఆపిన ఆటో ఎక్కాడు.

ఆ దారి పొడుగునా ఆయన నోరు ఆగలేదు. రేపు పశువుల ఎరువు తెప్పిస్తాననీ, చెరువు మట్టి కావాలంటే ఎవరినో అడుగుతాననీ, నారు ఒక్క రోజు ఆగితే మునిగిపోయేదేం లేదనీ. ఒకసారి ఆటోవాణ్ణి జల్ది పోనిమ్మంటాడు, మరోసారి నిమ్మళంగా పోనిమ్మంటాడు. అక్క మొహం బయటికి తిప్పుకుని ఓబీ గుట్టల వైపు చూస్తూ కూర్చుంది. వాన పడి ఆ గుట్టల మీద తుమ్మ మొక్కలు, గడ్డీ లేచాయి. నాకు ఆయన నోరు మూయాలని ఉంది. ఆమె నోరు తెరిపించాలని ఉంది. రెండూ చేతకాక చేతిసంచి తాడు మెలిపెడుతూ కూర్చున్నాను.

అతీక్ ఇంకా పునాది మీదే ఉన్నాడు. నడుమెత్తు గోడలు లేచాయి, గదుల మధ్య మట్టి నింపి దిమ్మిసతో కొడుతున్నారు. మమ్మల్ని చూసి ఎదురొచ్చి, ఏం చెప్పకముందే తన గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మేస్త్రి తిట్టిండు వదినా. రేగడి పోస్తే వానకు ఉబ్బి బండలు లేస్తయట. ఒక ట్రిప్పు ముందర రూముల కొట్టేసినం, ఇగ అది రాదు. ఇంకో ట్రిప్పు అట్లనే బయట పడున్నది."

అక్క ముందు గదిలోకి దిగింది. నల్లమట్టి మీద మొరం పరిచి, నీళ్ళు కొట్టి, గట్టిగా దిమ్మిస చేసేశారు. ఆమె కింద కూర్చుని అరచేయి ఆనించింది. వేలితో గుచ్చి చూసింది. వేలు దిగలేదు. లేచి, బయట ఉన్న కుప్ప దగ్గరికి వచ్చింది. పిడికెడు తీసుకుని నలిపింది. అందులో పోయినేటి మెంతి వేళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిని చూడగానే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమెకు తిరగలేదు.

బావకు అప్పటికి ఓపిక పోయింది. ఇంత మట్టికి ఇంత లొల్లి ఏందని, అతీక్ ముందు పరువు తీస్తున్నావని గొణిగాడు. అక్క అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"ఇది మా నాయిన చేను మట్టి."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. బండి కట్టడం, తమ్ముడు తోడు రావడం, గీరి తెచ్చుకోవడం, అంతా నాలుగు మాటల్లో చెప్పింది. వింటూ వింటూ బావ భుజాలు కిందికి జారాయి. అటూ ఇటూ కదిలే కాళ్ళు ఆగిపోయాయి. అతీక్ కూడా దిమ్మిస కొట్టేవాళ్ళను ఆగమని చెయ్యి ఊపాడు. బావ కుప్ప వైపే చూస్తూ, తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"ఆ చేన్ల షావెల్ నడిపింది నేనే సారా. వేరేటోన్ని ఏస్తమన్నరు. ఎవడో తవ్వుడెందుకు, నేనే తవ్వుత అన్న. నీకు చెప్పలె. ఎట్ల చెప్పాలె?"

ఇన్నేళ్ళ కాపురంలో దాచిన మాట ఇవాళ బయటపడింది, ఇక ఈ మనిషి కుప్పకూలుతుందనుకున్నాను. అక్క మొహంలో ఏమీ మారలేదు.

"ఎరికే. నేను, తమ్ముడు గుట్ట మీద నిలబడి చూసినం. నీ మిషన్ నాకెరికే గద, నీకు సద్ది తెచ్చినప్పుడు ఎన్నిసార్లు చూడలే. చేన్ల బోరుబాయి కాడికెల్లి షురూ చేసినవ్."

బావ తల ఎత్తి ఆమెను చూశాడు. ఆ చూపు చూడలేక నేను పక్కకు తిరిగాను. తాను దాచానని అనుకున్న మాటను ఎదుటి మనిషి అన్నేళ్ళూ మోస్తూ, అన్నం పెడుతూ, డ్యూటీకి సద్ది కడుతూ ఉన్నదని తెలిస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? అక్క గొంతు పెంచకుండా, కూర బాగాలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అప్పుడు నీ డ్యూటీ. తవ్వుమన్నరు, తవ్వినవ్. నేను ఒక్కనాడన్న ఒక మాటన్ననా? ఇయ్యాల ఎవరు తవ్వుమన్నరు నిన్ను?"

ఇవాళ కంపెనీ లేదు, షిఫ్టు లేదు, పైవాడు లేడు. ఒక మనిషి, ఒక పార. నాకు ఆ క్షణంలో లోపల ఎక్కడో తృప్తిగా కూడా అనిపించింది, బాగా అయిందనుకున్నాను. మరుక్షణం ఆయన మొహం చూసి ఆ తృప్తి మీద నాకే అసహ్యం వేసింది.

అతీక్ ఎవరూ చెప్పకుండానే ట్రాక్టరు వెనక్కి తెచ్చి కుప్ప పక్కన ఆపాడు. కుప్ప మొత్తం తిరిగి ఇంటికి చేరుస్తానన్నాడు. బావకు చెయ్యడానికి ఒక పని దొరికింది. గబగబా పోయి తట్ట అందుకుని మట్టి మీదికి వంగాడు. అక్క వెళ్ళి ఆ తట్ట ఆయన చేతిలోంచి తీసుకుంది. ఆయన వదల్లేదు, తాను ఎత్తుతానన్నాడు.

"నువ్వు ముట్టకు," అంది అక్క.

తట్ట వదిలేశాడు. ఆ తర్వాత అతీక్ పారతో తోడితే, అక్కా నేనూ తట్టలెత్తి ట్రాలీలో పోశాం. నాకు అలవాటు లేని పని, నడుము విరిగింది. అక్క చివర్న నేలకు అంటుకున్న మట్టిని కూడా అరచేతులతో ఊడ్చి ఎత్తింది. ఆ ఊడ్పులో కంకర ముక్కలొస్తే ఏరి పారేసింది. బావ ఇటుకల కుప్ప పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. జేబులో పెట్టాడు, తీశాడు, వెనక్కి కట్టుకున్నాడు. ఇటుక ఒకటి జరిపాడు. మళ్ళీ దాన్ని యథాస్థానంలో పెట్టాడు. మధ్యలో ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగి కాళ్ళ కింద నేల అదిరింది. రోజూ జరిగేదే, ఎవరం పట్టించుకోం. ఆయన మాత్రం ఉలిక్కిపడి అటు చూశాడు.

తిరుగు దారిలో అక్క ట్రాలీలో మట్టి మీదే కూర్చుంది. నేను ఆమె పక్కన. బావ అతీక్ పక్కన మడ్‌గార్డు మీద, మొహం వెనక్కి తిప్పి మా వైపే చూస్తూ కూర్చున్నాడు. మట్టి సగమే మిగిలింది. పెరడంతా పరిస్తే జానెడు లోతు కూడా రాదు. పందిరి కింద ఒక మూల పోసి, నారు మాత్రం అక్కడ పెట్టుకుంటే ఈ చలికాలానికి చాలుతుందని అక్క తనలో తాను అనుకుంటున్నట్టు అంది. మిగిలిన సగం ఎవరి బండల కిందో ఉండిపోయిందని మాత్రం అనలేదు. నాకు అనాలని నోటి చివరి దాకా వచ్చింది.

మెయిన్ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్రాలీ ఎగిరిపడింది. వెనక తలుపు సందులోంచి కొంత మట్టి జారి రోడ్డు మీద పడింది. మహా అయితే తట్టెడు. అక్క "అయ్యో" అని కూడా అనలేదు, దాని వైపు చూసిందంతే. బావ ఆపమని అతీక్ భుజం మీద కొట్టాడు. బండి పూర్తిగా ఆగకముందే దూకేశాడు. దూకిన ఊపుకు ముందుకు తూలి, నిలదొక్కుకుని, వెనక్కి పరుగెత్తాడు. వెనక బొగ్గు లారీలు వరసగా ఆగి హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. ఆయన రోడ్డు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో మట్టిని దగ్గరికి లాగుతున్నాడు. తారు మీద ఉన్న బొగ్గు పొడిని వేరు చెయ్యాలని చూస్తున్నాడు. రెండూ నలుపే, ఏది ఏదో తెలియక వేళ్ళ మధ్య నలిపి చూసి ఏరుతున్నాడు. మెత్తగా అంటుకున్నది ఉంచుకుంటున్నాడు, పొడిగా రాలిపోయింది వదిలేస్తున్నాడు. లారీ డ్రైవరు తల బయట పెట్టి తిట్టాడు. బావకు వినపడినట్టు లేదు.

దోసిలి నిండాక లేచి ట్రాలీ దగ్గరికి వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. ముట్టకు అన్నది కదా. పొయ్యాలా, పొయ్యకూడదా తెలియక, దోసిలి పైకెత్తి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మోచేతుల దాకా నలుపు, మోకాళ్ళ మీద తారు. ఆయన అంతసేపు కదలకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. వెనక హారన్లు ఎక్కువయ్యాయి. అతీక్ మా వైపు చూసి మళ్ళీ ముందుకు తిరిగాడు. అక్క ఆయన్ను చూస్తూనే ఉంది. ఆ మొహంలో కోపం ఉందో, ఇంకేమన్నా ఉందో ఇప్పటికీ చెప్పలేను. ఇవ్వడానికి వచ్చినవాణ్ణి అంతసేపు నిలబెట్టడం తప్పని ఎవరైనా అంటారేమో, నేను అనను. ఆమె స్థానంలో నేనుంటే ఇంటిదాకా నడిపించేదాన్ని.

కొంతసేపటికి అక్క ముందుకు వంగి కొంగు పట్టింది. బావ అందులో మట్టి పోసి, చేతులు దులుపుకోకుండా, రోడ్డు మీద ఇంకా మిగిలిన దాని కోసం వెనక్కి పోయాడు.